తొంభై ఆరు పైసల విద్య

మీరు సేవాసంస్థ పెట్టారు. సంతోషం. సొసైటీ రిజిస్టరయింది, పాన్ కార్డు వచ్చింది, పన్నెండు ఏ, ఎనభై జీ కాగితాలు చేతికొచ్చాయి. చుట్టుపక్కల ఊళ్లలో కష్టాలకు కొదవ లేదు. ఇక నేర్చుకోవాల్సింది ఒక్కటే, డబ్బిచ్చినవాళ్లకు ఏం చెప్పాలన్నది. అది నా దగ్గర నేర్చుకోండి. కర్నూల్లో కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరంలో, జిరాక్సు షాపు పైన మేడగదిలో కూర్చుని ఇరవై ఆరేళ్లుగా కర్నూలు, కడప జిల్లాల సంస్థలకు వార్షిక నివేదికలు రాసిపెడుతున్నాను. నివేదికకు ఇంత అని తీసుకుంటాను. ఆ ఇంతను అదే నివేదికలో ఏ పద్దు కింద దాచాలో కూడా నేనే చెబుతాను. నిరుడు నా ఫీజు ‘మహిళా చైతన్యం’ కింద వెళ్లింది.

అట్ట తిప్పగానే గుండ్రటి బొమ్మ ఉండాలి. రొట్టెను కోసినట్టు ముక్కలు, ముక్కకో రంగు. అందులో ఆఫీసు ఖర్చు అనే ముక్క కొనగోరంత. పక్కన లావు అక్షరాలతో: మీరిచ్చిన రూపాయిలో తొంభై ఆరు పైసలు పేదలకే! తొంభై ఆరే ఎందుకంటే, నూరంటే దాత నమ్మడు. తొంభై అంటే పక్క సంస్థవాళ్లు తొంభై మూడు వేసి ఉంటారు. తొంభై ఎనిమిది వేసిన ఒకాయనకు ఆ మరుసటేడే పోటీగా ఇంకొకాయన తొంభై ఎనిమిదిన్నర వేశాడు. ఈ పాటకు అంతుండదు. తొంభై ఆరు దగ్గర నిలబడండి.

నాలుగు పైసల్లో ఆఫీసంతా ఎట్లా పడుతుందని కొత్తవాళ్లు అడుగుతారు. పట్టదు. పేర్లు మార్చాలి. జీపు డీజిలు ‘క్షేత్ర సందర్శన’. అద్దెగది ‘సమాచార కేంద్రం’. ఒక సంస్థలో లెక్కలు రాసే అమ్మాయిని నేను ‘కుట్టు శిక్షణ సమన్వయకర్త’ను చేశాను. ఆ అమ్మాయి చదివింది బీకాం, సూదిలో దారం ఎక్కించడం రాదు. దాత వచ్చిన రోజు మిషను ముందు కూర్చోబెడితే, ఊరికే కూర్చోలేక దానిమీదే లెడ్జరు పెట్టుకుని రాసుకుంది. ఫొటో బాగానే వచ్చింది.

ఈ విషయంలో చట్టాలు కూడా మనవైపే ఉన్నాయి. విదేశీ విరాళాల చట్టంలో పాలనా ఖర్చులకు సగందాకా వీలుండేది, 2020 సవరణలో దాన్ని 20 శాతానికి దించారు. కంపెనీల సీఎస్ఆర్ నిబంధనల్లో 5 శాతం హద్దు ఉంది. అది కంపెనీ తన సొంత పాలనా ఖర్చుకు పెట్టుకోవాల్సిన హద్దు, అయినా దాన్ని తెచ్చి మన నెత్తిన పెట్టడం ఆనవాయితీ. దాతా అదే అడుగుతాడు, సర్కారూ అదే అడుగుతుంది: ఆఫీసుకెంత? ఊరికి ఏమైందని అడిగేవాడు తక్కువ. అడగనిదానికి జవాబు చెప్పడం మర్యాద కాదు.

ఈ విద్యకు మూలపురుషుడు ఒకడున్నాడు, పటం కట్టించుకోదలిస్తే చెబుతాను. సర్ రిచర్డ్ టెంపుల్. 1874లో బీహారులో కరువొస్తే బర్మా నుంచి ఓడలకొద్దీ బియ్యం తెప్పించి పంచాడు. ఆకలి చావులు లేవన్నంతగా పని జరిగింది. పైవాళ్లు మెచ్చుకున్నారా? దుబారా మనిషని చీవాట్లు పెట్టారు. టెంపుల్ బుద్ధి తెచ్చుకున్నాడు. 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ ఆయన్ను మద్రాసు రాజధానికి పంపాడు. మన దగ్గర అప్పుడు ధాతు కరువు. ఈసారి టెంపుల్ పొదుపు మొదలెట్టాడు. కరువు పనుల్లో పొద్దంతా మట్టి మోసే మగవాడికి రోజుకు పౌను గింజలు, పైన ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా రాదు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఆ తిండితో మనిషి నిలవడని కాగితాల మీద కాగితాలు రాశాడు. కార్నిష్ లాంటివాళ్లు ప్రతి సంస్థలోనూ ఒకరుంటారు, కమిటీలో వేయకండి. 1881 జనాభా లెక్కలు తీసేసరికి పదేళ్ల కిందటికంటే కర్నూలు జిల్లాలో జనం దాదాపు నాలుగో వంతు తగ్గారు. తలకు ఖర్చు తగ్గింది. తలలూ తగ్గాయి. ఇందులో మొదటి వాక్యం గుండ్రటి బొమ్మలో పడుతుంది, రెండోదానికి అందులో చోటులేదు. బొమ్మ గొప్పతనమే అది.

అదే కరువులో చెయ్యకూడని పని చేసినవాళ్లూ ఉన్నారు. 1877 ఆగస్టులో మద్రాసులో సభ పెట్టి ఇంగ్లాండుకు మొరపెట్టుకుంటే, లండన్ మేయరు మాన్షన్ హౌస్ నిధి తెరిచాడు. లక్షల పౌన్లు వచ్చాయి. ఇంత డబ్బుతో ఎంతమందికి గంజి పోసి ఎన్ని ఫొటోలు తీయొచ్చు! ఆ కరువులో ఎముకల గూళ్లను వరసగా కూర్చోబెట్టి బొమ్మలు తీసిన హూపర్ అనే సైనికాధికారి ఉండనే ఉన్నాడు. కానీ కమిటీ పెద్దలు ఏం చేశారు? వానలు పడ్డాక రైతుకు విత్తనాలకు, ఎద్దులకు, కూలిన ఇంటికి డబ్బులిచ్చారు. పైగా కార్యదర్శి విలియం డిగ్బీ 1878లో ఆ కరువు కథంతా రెండు లావుపాటి సంపుటాలుగా అచ్చేశాడు. విత్తనాల మూటను ఫొటో తీస్తే ఎవరికి కన్నీళ్లొస్తాయి చెప్పండి.

ఇంతకంటే చెడ్డ ఉదాహరణ కడపలో ఉంది. సి.పి. బ్రౌన్. 1820లో ఉద్యోగరీత్యా కడపకొచ్చి, తర్వాత బంగళా కొని పండితుల్ని పెట్టుకున్నాడు. తాళపత్రాలు వెతికించడం, ప్రతులు పోల్చడం, తప్పులు దిద్దడం, శుభ్రంగా ఎత్తి రాయించడం. జీతం చాలక అప్పులపాలయ్యాడు. నేనొకసారి సరదాకు బ్రౌన్ ఖర్చును మన గుండ్రటి బొమ్మలో వేసి చూశాను. పండితుల జీతాలు, రాయసగాళ్ల కూలి, కాగితం, సిరా, అట్టలు. ముక్కలన్నీ ఒకే రంగు. నూటికి నూరు పైసలూ ఆఫీసు ఖర్చే! పేదలకు ఒక్క దుప్పటి ముట్టలేదు. వేమన పద్యాలు అచ్చయ్యాయి, 1852లో నిఘంటువొచ్చింది, చెదలు తినాల్సిన కావ్యాలు మిగిలాయి, సరే. కానీ ఇవాళ ఆయన నా మేడెక్కి ‘నివేదిక రాసిపెట్టండి’ అంటే దణ్ణం పెట్టి పంపిస్తాను. ఆ బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. దానికోసం జానమద్ది హనుమచ్ఛాస్త్రి ఊరూరా తిరిగి చందాలు పోగేశారు. చందాదారులు ఆఫీసు ఖర్చు శాతం అడిగారో లేదో గానీ పుస్తకాలు మాత్రం బీరువాల్లో ఉన్నాయి.

ఇక దాతను సంతోషపెట్టే సంగతి. దీనికి మనం ఎవరి దగ్గరా నేర్చుకోనక్కర్లేదు. తెలుగులో దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి కడప జిల్లా ఎర్రగుడిపాడుది, ఆరో శతాబ్దం నాటిది. దాన్లో ఉన్నదేమిటనుకున్నారు? దానం లెక్క! రేనాటి చోళరాజు పన్నస అనే భూదానం ఇచ్చాడు, ఫలానా ఫలానా వాళ్లు సాక్షులు అని ఉంది. ఆ పొలంలో ఏం పండింది, పుచ్చుకున్నవాడి సంసారం ఏమైంది, ఊసే లేదు. మన భాష రాతలోకి వస్తూ వస్తూనే దాత పేరు చెక్కుకుని వచ్చింది. తర్వాతి శాసనాల్లో ఆడిటు ఏర్పాటు కూడా ఉంది, ఈ దానాన్ని కాజేసినవాడు అరవై వేల ఏళ్లు పెంటలో పురుగై పుడతాడని. ఆడిటు ఫీజు లేదు, రసీదు అడగరు. అదంతా పోయి ఇప్పుడు పది బీడీ, పది బీఈ ఫారాలొచ్చాయి. రెండు వేలు దాటిన నగదుకు పన్ను మినహాయింపు లేదంటున్నారు.

కాబట్టి పేరు పెద్దదిగా వేయండి. పెళ్లిలో చదివింపులు మైకులో చదివినట్టు, నివేదిక నడుమ నాలుగు పేజీలు దాతల పేర్లే ఉండాలి, అమెరికావాళ్లకు ఊరి పేరు, వీధి పేరుతో సహా. వాళ్లు డిసెంబరులో వస్తారు. ఏటా ఏ పని పూర్తయినా పూర్తి కాకపోయినా ప్రారంభోత్సవం మాత్రం డిసెంబరు 20కీ సంక్రాంతికీ నడుమ పెట్టుకోండి.

తర్వాత లెక్కపెట్టడం. ఇచ్చినవాటిని లెక్కపెట్టండి, జరిగినవాటిని కాదు. మొక్కలైతే జూలైలో నాటిన రోజు లెక్కపెట్టాలి. కడప ఎండల్లో, మే నెలలో మొక్కలు లెక్కపెట్టడానికి పోయేవాడు పర్యావరణవేత్త కాడు, మన శత్రువు. మేకలైతే పంచిన రోజు. బడిపిల్లలైతే జూన్‌లో, పేర్లు ఎక్కించినప్పుడు. ఇది మరీ ముఖ్యం. సంక్రాంతి దాటాక కోసిగి, ఆలూరు వైపు ఊళ్లకు పోయి చూడండి, ఇంటింటికీ తాళం. గుంటూరు మిరపకాయ కోతలకు సుగ్గికి పోయుంటారు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని పోతారు. మూలన కూర్చున్న అవ్వాతాతలు తప్ప ఊళ్లో మనిషి కనపడడు. అప్పుడు బడికి పోయి బెంచీలు చూసి నివేదిక రాస్తే మీ అక్షరాస్యత పథకం ఏం కావాలి? ఒక కుర్ర ఉద్యోగి ఫిబ్రవరి హాజరు పట్టీ తెచ్చి నా బల్లమీద పెట్టాడు. సగం గడుల్లో గైర్హాజరు. ‘సార్, వలసపోయే పిల్లలకు సుగ్గి మూడు నెలలూ ఊళ్లోనే హాస్టలు పెట్టాల సార్, పుస్తకాలు గాదు’ అన్నాడు. మంచి అబ్బాయే. పుస్తకాల బస్తాలు అప్పటికే ముద్రించిన నివేదికలో ఉన్నాయి, ఏం చేద్దాం.

శుద్ధజల కేంద్రం అన్నిటికంటే ఉత్తమం. ఫ్లోరైడు నీళ్ల ఊరు దొరకడం మన దగ్గర కష్టం కాదు. స్టీలు గొట్టాలు మెరుస్తాయి, మీటరు ముందు ఒక అంకె, వెనక ఒక అంకె చూపిస్తుంది, నల్లగ్రానైటు పలకమీద దాత తల్లిదండ్రుల పేర్లు బంగారు రంగులో. నేనే రాశాను ఒకటి, ఆదోని దాటాక ఒక ఊరిది. ‘రోజుకు ఇన్ని వేల లీటర్లు’ అని. అది యంత్రం కెపాసిటీ, కేటలాగులో ఉన్న అంకె. ఏడాదిన్నర తర్వాత పనిమీద అటుపోతూ చూశాను. షట్టరు సగం దించి ఉంది. లోపల ఉల్లిగడ్డ బస్తాలు, కప్పుదాకా. పలకకు వేసిన బంతిపూల దండ ఎండి, దారం మాత్రం వేలాడుతోంది. ఇరవై లీటర్ల క్యాన్లలో ఒకదాన్ని కోసి కోళ్లకు నీళ్లు పెట్టారు. అవతల ఆడవాళ్లు ఎల్లెల్సీ కాలువ నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలు పట్టుకుని ఉన్నారు. ఏమైందప్పా అంటే, మెంబ్రేను పోయిందట. మార్చడానికి డబ్బుల్లేవు. నడిపే పిల్లోడికి నాలుగు నెలలు జీతమివ్వక మానేశాడట. జీతం ఎందుకివ్వలేదు? దాత షరతు: నా డబ్బులో ఒక్క పైసా సిబ్బందికి పోకూడదు. ఆ షరతు గొప్పగా ఉందని నివేదిక అట్టమీద వేసింది నేనే.

మనం ఒంటరివాళ్లం కాదని చెప్పడానికి దక్షిణాఫ్రికా సంగతి చెబుతాను. పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నానికి నీళ్ల పంపు తగిలించారు. పిల్లలు ఆడుకుంటారు, ట్యాంకు నిండుతుంది. 2006లో అప్పటి అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ వేదికెక్కి కోటీ అరవై నాలుగు లక్షల డాలర్లు ప్రకటించింది. అంతకంటే మంచి ఫొటో ఈ భూమ్మీద ఉండదు. కొన్నాళ్లకు పిల్లలు విసుగెత్తి దిగిపోతే, ఆడవాళ్లు బిందె పక్కనబెట్టి రాట్నం తిప్పాల్సి వచ్చింది. ఒక్కో పంపు తీరుస్తుందన్న నీళ్లు నిజంగా రావాలంటే పిల్లలు రోజుకు ఇరవై ఏడు గంటలు ఆడాలని ఒక ఇంగ్లీషు పత్రిక లెక్కగట్టింది. ఇంతవరకూ పాఠం. ఇక్కడినుంచి జాగ్రత్త: దానికి డబ్బు పెట్టినవాళ్లలో ఒకరైన జీన్ కేస్ 2010లో ‘అనుకున్నది సాధించలేకపోయాం’ అని తానే అచ్చులో రాసుకుంది. చేసిన పొరపాటును సొంత చేత్తో అచ్చేయడం! ఇట్లాంటివి ఇక్కడ అలవాటైతే నా మేడగది అద్దె ఎవరు కడతారు?

ఫలితాల పేజీ తప్పదనుకుంటే ‘ముందు–తర్వాత’ పట్టిక వేయండి. ముందు అంటే కరువేడు. తర్వాత అంటే తుంగభద్ర నిండిన ఏడు. మధ్యలో మీ శిక్షణ తరగతి. శనగకాయ ఎకరాకు ఇన్ని బస్తాలు పెరిగింది, చూడండి! వాన పడితే మన ఖాతా, పడకపోతే దేవుడి ఖాతా. పొరపాటున కూడా పక్క ఊరు చూపించొద్దు, అక్కడా బస్తాలు పెరిగి ఉంటాయి. 2019లో నోబెల్ అందుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, మైఖేల్ క్రెమర్ చేసిన చెడ్డపని ఇదే. చీట్లు వేసి కొందరికి ఇచ్చి, కొందరికి ఇవ్వకుండా, రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం. ఒక కంపెనీ తరఫున మదింపు చేయడానికొచ్చిన అమ్మాయి ‘పోల్చడానికి మీరు పనిచేయని ఊరొకటి చూపించండి’ అంది. ‘ఆ ఊరోళ్లకూ మాకూ పడదమ్మా’ అన్నాను. రాసుకుంది.

వరదలొస్తే వేరే పద్ధతి, తూకం. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు మీద పడ్డప్పుడు నా మేడమెట్లు కూడా సగందాకా మునిగాయి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద వచ్చిందన్నారు. నీళ్లు తీసిన నాలుగో నాటికి లారీల్లో పాతబట్టలొచ్చాయి. కోట్లు, స్వెటర్లు, బొత్తాల్లేని చొక్కాలు, ఒంటి కాలి చెప్పులు. బురదలో నిలబడ్డ ఆడవాళ్లు అడిగింది పొరకలు, బక్కెట్లు, బ్లీచింగు పొడి. అవి తూకానికి తేలిక. మేం పాతబట్టలను టన్నుల్లో రాశాం. మున్సిపాలిటీవాళ్లు వాటిని ఎత్తిపోసిన ఖర్చు మన నివేదికలోకి రాదు గదా. ఆ ఫొటోలు జాగ్రత్తగా దాచుకోండి. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం తెగి రాజంపేట వైపు ఊళ్లు కొట్టుకుపోయినప్పుడు, ఒక సంస్థ అప్పీలులో మా బుధవారపేట గోడొకటి కనిపించింది. ఎవరూ గుర్తుపట్టలేదు. నీళ్లు నీళ్లే.

ఫొటో తీసేటప్పుడు మనుషులు నవ్వకుండా చూసుకోవాలి, అదే కష్టం. మనవాళ్లకు కెమెరా చూస్తే సిగ్గు, సిగ్గొస్తే నవ్వు. పత్తికొండ దగ్గర ఒక అవ్వకు చీర ఇస్తున్నాం. ‘అవ్వా, నవ్వద్దు, ఇట్ల చూడు’ అని మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి ఫొటో సరిగ్గా వచ్చింది. అవ్వ చీరను మడత చెదరకుండా రెండు చేతులతో నా ముందు పెట్టింది.

‘ఇంద నాయనా.’

‘నీకేలే అవ్వా. పెట్టుకో.’

‘నాకేనా? ఎనక్కి ఇయ్యద్దా? పోయినేడు కుట్టుమిషను ముందర కూసోబెట్టి ఫొటో తీసుకోని, అట్లే జీపులో ఏసుకోని పోయిరి గదప్పా.’

పోయినేడు మిషను నివేదిక రాసిందీ నేనే. పద్నాలుగు మిషన్లు, పద్నాలుగు ఊళ్లు. మిషను ఒక్కటే అని నాకు తెలియదు. తెలుసుకోవడం నా పని కాదు. ఆ అవ్వ ఫొటో వాడలేదు, కళ్లలో నవ్వు మిగిలిపోయింది.

చివరిగా ఒక రకం దాతతో జాగ్రత్త. చెప్పకుండా వచ్చేవాళ్లు. డిసెంబరు కూడా కాదు, నిరుడు ఏప్రిల్. ఆదోని దాటిన ఆ ఊరికే, గ్రానైటు పలకమీద పేర్లున్న పెద్దాయన మనవరాలు టాక్సీ కట్టించుకుని ఒంటరిగా పోయింది. షట్టరెత్తి చూసింది, ఉల్లిగడ్డలు. అక్కడినుంచి తిన్నగా నా మేడెక్కింది. నేను మజ్జిగ తెప్పించి, సాంకేతిక కారణాలు, మార్పు దశ, భాగస్వామ్యం అని మొదలెట్టాను. పిల్ల మజ్జిగ తాగి, ‘నడిపే మనిషికి నెలకెంత అంకుల్? మెంబ్రేను ఎన్నాళ్లకు మార్చాలి?’ అంది. చెప్పాను. రెండేళ్లకు సరిపడా జీతం, రెండు మెంబ్రేన్లు తన లెక్కలో రాసుకోమంది. సిబ్బందికి పైసా పోకూడదన్న వాళ్ల తాత షరతు నేనే గుర్తుచేయాల్సి వచ్చింది. ‘తాతకు నేను చెప్తాను’ అంది. పేరు వద్దు, ఫొటో వద్దు. నెలకోసారి నీళ్ల మీటరు రీడింగు వాట్సాపులో పంపమంది, అంతే.

మే నెల ఒకటో తేదీన నడిపే పిల్లోడు ఫోను చేశాడు. బస్తాలు తీసేసినారు, మెంబ్రేను ఏసినారు, మోటారు కాలిపాయ సార్, లోవోల్టేజి. రీడింగు? సున్నా. ఇరవై ఆరేళ్లలో నేను ఎవరికీ సున్నా పంపలేదు. ‘పనులు పురోగతిలో ఉన్నాయి’ అని కొట్టాను, చెరిపేశాను. ‘ప్రాథమిక దశ విజయవంతంగా పూర్తయింది’ అని కొట్టాను, అదీ చెరిపేశాను. కింద జిరాక్సు షాపు మూసే వేళయింది. చివరికి సున్నా అని పంపి, పక్కన మోటారు కాలిందని రాసి, ఫోను బోర్లా పెట్టాను.

అవతల ఆ పిల్ల ఉండే అమెరికాలో అప్పుడప్పుడే తెల్లారుతూ ఉంటుంది. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది.

‘రీవైండింగుకు ఎంత అంకుల్?’